దొర లెక్క, దాసి మాట

డైరీ రాసేవాణ్ణి మన సాహిత్యం గౌరవంగా చూస్తుంది. రోజూ రాత్రి దీపం ముందు కూర్చుని తనలో తాను మాట్లాడుకునే మనిషి అబద్ధం చెప్పడని ఒక నమ్మకం. థామస్ థిసిల్‌వుడ్ చచ్చిపోయేదాకా అట్లా కూర్చుని రాశాడు. అబద్ధాలు కూడా పెద్దగా చెప్పలేదు. కొట్టింది కొట్టినట్టే రాశాడు. చెరిచింది చెరిచినట్టే రాశాడు. అయినా ఆ డైరీని ఆ ఇంటి కథ అంటే నేను ఒప్పుకోను. అది ఆ ఇంటి లెక్క. లెక్క వేరు, కథ వేరు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఇంట్లోకి పోవాలి.

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఒక కౌలు రైతుకు 1721లో రెండో కొడుకుగా పుట్టాడు. అక్కడ భూమి దక్కలేదు. 1750లో జమైకాలో దిగాడు. మొదట ఒక పశువుల దొడ్డి మీద, 1751 నుంచి వెస్ట్‌మోర్‌లాండ్ ప్రాంతంలో 'ఈజిప్ట్' అనే చెరకు ఎస్టేటు మీద ఓవర్సీరు. 1767 కల్లా బ్రెడ్‌నట్ ఐలాండ్ అనే చోట సొంత భూమి, సొంత బానిసలు, సొంత పూలతోట. 1786లో చనిపోయాడు. పదివేల పేజీలకు పైగా ఉన్న ఆ కాయితాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్నాయి. డగ్లస్ హాల్ అనే చరిత్రకారుడు వాటిలోంచి ఏరి 1989లో పుస్తకం వేశాడు. ట్రెవర్ బర్నార్డ్ 2004లో ఇంకో పుస్తకం రాశాడు.

ఏముంది ఆ డైరీలో? వాన ఎప్పుడు పడింది. ఏ విత్తనం నాటాడు. ఏ పుస్తకం ఎవరి దగ్గర తెచ్చి చదివాడు. విందులో ఏం తిన్నాడు. ఎవరు పారిపోయారు. ఎవరికి కొరడా దెబ్బలు పడ్డాయి. ఏ ఆడమనిషి మీద, ఏ చోట పడ్డాడు. ఈ చివరిది మాత్రం లాటిన్ ముక్కల్లో. బర్నార్డ్ కూర్చుని లెక్కపెట్టాడు: 138 మంది ఆడవాళ్ళు, 3852 సార్లు. దాదాపు అందరూ బానిస ఆడవాళ్ళే. వాన లెక్క, విత్తనాల లెక్క, ఆడమనిషి లెక్క అన్నీ ఒకే చేతిరాత, ఒకే సిరా.

లాటిన్ ఎందుకు? ఆ ఇంట్లో ఉన్న నల్లవాళ్ళకు ఇంగ్లీషు చదువే నేర్పలేదు కదా. వాళ్ళ ముందు దాచాల్సిన పనేముంది? నా చదువులో ఇది తోటి తెల్లదొరల ముందు సిగ్గు. బానిస ముందు సిగ్గు ఉండదు. కుర్చీ ముందు, మంచం ముందు ఎవరైనా సిగ్గుపడతారా?

ఇతను మోటు మనిషి కాదు. పుస్తకాలు పిచ్చిగా చదివాడు. మొక్కల గురించి, వాతావరణం గురించి ఆ దీవిలో చాలామంది తెల్లవాళ్ళ కంటే ఎక్కువ తెలిసినవాడు. చదువు మనిషిని మారుస్తుందని మాకు బడిలో చెప్పారు. చెప్పిన పంతులు మా పలకను దూరం నుంచి చూసి మార్కులేశాడు. కాబట్టి థిసిల్‌వుడ్ షెల్ఫులో ఉన్న పుస్తకాలు చూసి నేను ఆశ్చర్యపోలేదు.

ఎస్టేటు అనగానే చెరకు తోట, గానుగ, కొరడా గుర్తుకొస్తాయి. కానీ అధికారం ఎట్లా నడుస్తుందో తెలియాలంటే వంటింటి దిక్కు పోవాల. వారానికింత ఉప్పు చేప పెట్టడం, పెట్టకపోవడం దొర చేతిలో ఉంది. మిగతా తిండి బానిసలే ఆదివారం పూట తమ చెలకల్లో పండించుకోవాలి. ఆరు రోజులు దొర పని, ఏడో రోజు తమ కడుపు పని. వాన లేకపోతే, తుఫాను వస్తే ఆ చెలకలో ఏమీ ఉండదు. అప్పుడు ఆకలైనవాడు చెరకు గడ విరిచి తింటాడు. వాడు నాటిన చెరకే, వాడు కోసే చెరకే. తింటే దొంగ.

పేర్ల సంగతి చూడండి. థిసిల్‌వుడ్ 1756లో తన కోసం మొదటిసారి కొన్న ఇగ్బో పిల్లవాడికి లింకన్ అని పేరు పెట్టాడు. తన సొంత జిల్లా పేరు. దొరకు ఊరి మీద బెంగ కలిగితే అది ఒక పిల్లవాడి నెత్తి మీద పడింది. ఆ పిల్లవాడికి తన ఊరి మీద బెంగ ఉందో లేదో డైరీకి అక్కర్లేదు. కానీ ఆడవాళ్ళ పేర్లు చూస్తే ఇంకో సంగతి. ఫిబ్బా అంటే శుక్రవారం పుట్టింది. కూబా అంటే బుధవారం పుట్టింది. పశ్చిమ ఆఫ్రికాలో అకాన్ జనం పెట్టుకునే వారం పేర్లు అవి. సముద్రం దాటించి, అమ్మి, కొని, కొట్టినా ఆ పేర్లు పోలేదు. మా దిక్కు సోమవారం పుడితే సోమవ్వ, ఆదివారం పుడితే ఆదెవ్వ. మా అవ్వ పేరు సోమవ్వే. దొరల గడిలో ఆమె 'ఏయ్ సోమీ'. ఆ 'అవ్వ'ను కోసేసిన కత్తి ఏదో నాకు తెలుసు గనక, లింకన్ అసలు పేరు డైరీలో ఎందుకు లేదో కూడా తెలుసు.

ఇప్పుడు ఫిబ్బా దగ్గరికి వద్దాం. ఈజిప్ట్ ఎస్టేటులో వంటింటి పెద్ద ఆమె. ఆమె యజమాని థిసిల్‌వుడ్ కాదు, ఎస్టేటు దొర జాన్ కోప్. అయినా ముప్పై ఏళ్ళకు పైగా థిసిల్‌వుడ్ ఆమెతో కాపురం లాంటిది చేశాడు. 1760లో కొడుకు పుట్టాడు, జాన్. ఆ పిల్లవాడికి విడుదల దొరికింది. ఇరవై ఏళ్ళకే, 1780లో చనిపోయాడు. థిసిల్‌వుడ్ సొంత భూమికి మారినప్పుడు ఫిబ్బాను కోప్ దగ్గర ఏడాదికి 18 పౌండ్ల కిరాయికి తెచ్చుకున్నాడు. మంచం కిరాయికి తెచ్చినట్టు. కొడుకు తల్లిని కిరాయికి తెచ్చుకున్నాడు.

ఈ సంబంధాన్ని చూసి చరిత్రకారులు తికమక పడ్డారు. 1757లో అతను కొన్నాళ్ళు వేరే ఎస్టేటుకు పోయినప్పుడు ఆమె ఏడ్చింది. బంగారు ఉంగరం ఇచ్చింది. తాబేలు మాంసం, గుడ్లు, పీతలు, రొట్టెలు పంపింది. ఆమెకు జబ్బు చేసిందని తెలిసి ఆమె దయనీయమైన బానిసత్వంలో ఉందని అతను జాలిపడి రాసుకున్నాడు. హాల్ తన పుస్తకానికి పేరు ఆ మాటల్లోంచే తీసుకున్నాడు. ఇవన్నీ చూపించి ఇందులో ఎంతో కొంత ప్రేమ ఉంది అనేవాళ్ళున్నారు.

నేను ప్రేమ అనను. కాదు అని కూడా తీర్పు చెప్పను. వద్దు అనే హక్కు లేని చోట సరే అన్న మాటకు అర్థం ఏమిటో ఎట్లా తెలుస్తుంది? అతని జాలి మాత్రం నాకు బాగా అర్థమైంది. ఆమె ఇంకొకరి బానిస అని అతని జాలి. తన దగ్గరున్న వాళ్ళ మీద అది కనిపించదు. పక్క దొర పాలేరును చూసి అయ్యో పాపం అనే దొరలు మా తాలూకాలో కూడా ఉన్నారు.

అట్లాగని ఫిబ్బాను కన్నీటి బొమ్మను చేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఆమె కుట్టుపని చేసింది. పశువులు పెంచింది, అమ్మింది. డబ్బు కూడబెట్టింది. దొరకే అప్పిచ్చింది. అలిగి మాట్లాడని రోజులున్నాయి, ఆ అలక దొర డైరీకెక్కింది. బానిస అలిగితే దొర రాసుకున్నాడంటే అది చిన్న సంగతి కాదు. బతకడానికి ఆమె ఎన్ని తెలివితేటలు వాడిందో మన విమర్శకులు గమనించాలి. దాసి అనగానే ఏడుపు ఒక్కటే వెతకడం కూడా దొరల చూపే.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాల. మా అవ్వ గడిలో ఎట్టి చేసింది. మా అమ్మ చిన్నపిల్లగా ఆమె వెంట పోయేది. అమ్మ చెప్పేది: "వాకిలి ఊడుస్తుంటిమి. కొట్టంల పెండ తీస్తుంటిమి. కట్టెలు మోస్తుంటిమి. గడప మాత్రం దాటలె బిడ్డా. గంజి పోస్తే దోసిలి పట్టాలె, పైనించి పోస్తరు." గడప లోపల వంట పనికి, దొరసాని కాళ్ళు పిసికే పనికి ఆడబాపలు ఉండేవాళ్ళు. దొరసాని అత్తగారింటికి వచ్చినప్పుడు చీరలు, బిందెలతో పాటు వెంట పంపిన ఆడపిల్లలు వాళ్ళు. వాళ్ళు లోపలి బానిసలు. మా అవ్వ బయటి బానిస.

అందుకే జమైకా ఇల్లు మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా తోచింది. అక్కడ గోడ లేదు. నల్లచేయి వండింది తెల్లనోరు తింటది. నల్లతల్లి పాలు తెల్లబిడ్డ తాగుతది. దొర పడకగదిలో, భోజనం బల్ల దగ్గర అంతటా నల్లమనుషులే. ముట్టుకుంటే మైల అనేది ఆ దొరకు తెలియదు. మా దగ్గర పగలు ముట్టుకుంటే మైల. రాత్రి గడ్డివాము దగ్గర మైల ఉండదు. దొర పవర్‌కు అక్కడ తలుపులే లేవు, ఇక్కడ తలుపులన్నీ దొర చేతిలో ఉన్నాయి.

అంబేడ్కర్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. బానిసత్వం ఎవరికీ తప్పనిసరి కాదు, అంటరానితనం తప్పనిసరి అన్నాడు. రోమ్ బానిసలను చూపించి, యజమానికి బానిస ఆస్తి గనక ఆ ఆస్తిని కాపాడుకుంటాడు, అంటరానివాడు చస్తే ఎవరికీ నష్టం లేదు అని వాదించాడు. మొదటి మాట ఇప్పటికీ రాయిలాగా నిలబడి ఉంది. రెండో మాటను మాత్రం జమైకా పక్కన పెట్టి చదవాల్సి ఉంది. అక్కడి చెరకు ఎస్టేటుల్లో పుట్టేవాళ్ళ కంటే చచ్చేవాళ్ళు ఎక్కువ. ఆ ఖాళీని ఓడల్లో కొత్త మనుషుల్ని తెచ్చి నింపారు. ఆస్తి చౌకగా మళ్ళీ దొరికే చోట ఆస్తిని ఎవడు కాపాడుతడు? బర్రె చస్తే ఏడ్చి, జీతగాడు చస్తే కొత్త జీతగాణ్ణి చూసుకునే ఇళ్ళు నాకు తెలుసు. అంబేడ్కర్‌ను పూజించడం కంటే ఇట్లా కొత్త సాక్ష్యం ముందు పెట్టుకుని చదవడమే ఆయనకు గౌరవం అని నా అభిప్రాయం.

ఇప్పుడు రాయడానికి చేయి రాని సంగతి. 1756లో డెర్బీ అనే బానిస చెరకు తింటూ దొరికాడు. కొరడా దెబ్బలు చాలలేదు దొరకు. ఇంకో బానిసను పిలిచి డెర్బీ నోట్లో మలవిసర్జన చేయించాడు. ఆ ఏడాదే ఇంకొకరికి ఇదే శిక్ష వేసి, నోరు తెరవకుండా గంటల తరబడి కట్టి ఉంచాడు. డైరీలో దీన్ని పద్ధతిగా రాసుకున్నాడు. చరిత్రకారులు దీన్ని చదివి వీడు శాడిస్టు, వీడి బుర్ర చెడింది అని రాస్తుంటారు. నాకు ఆ మాట సరిపోదు. మన దేశంలో 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అందులో నేరాల జాబితా మొదలయ్యేదే దళితుని చేత, ఆదివాసి చేత తినకూడనిది, అసహ్యమైనది తినిపించడం, తాగించడం అనే నేరంతో. పార్లమెంటు ఒక పిచ్చివాడి కోసం చట్టం రాయదు. ఊళ్ళు చేస్తున్న పని గనక రాసింది. డెర్బీని శిక్షించింది ఒక మనిషి పిచ్చి కాదు. తిన్న నోటిని తిన్నందుకే అవమానించాలనే పద్ధతి. ఆకలిని నేరం చేసిన ప్రతి చోటా ఆ పద్ధతి పుడుతుంది.

అందులో ఇంకో ముల్లు ఉంది. ఆ పని చేయించింది ఇంకో బానిస చేత. తోటలో కొరడా పట్టుకునేవాడు కూడా బానిసే, వాడికి డ్రైవర్ అని పేరు. 1760లో టాకీ నాయకత్వంలో మొదలైన తిరుగుబాటు వెస్ట్‌మోర్‌లాండ్ దాకా పాకింది. చుట్టూ నల్లవాళ్ళ సంఖ్య తెల్లవాళ్ళ కంటే ఎన్నో రెట్లు. అప్పుడు థిసిల్‌వుడ్ తన ఎస్టేటు కాపలాకు బానిసల చేతికే ఆయుధాలు ఇచ్చాడు. ఆ రాత్రి ఆ చేతులు ఎందుకు దొర మీదికి తిరగలేదు? ఈ ప్రశ్న మనం జమైకాను అడిగే ముందు మన వాడలను అడగాలి. మాల, మాదిగ, డక్కలి అని మెట్లు మెట్లుగా మనల్ని పేర్చిన వాళ్ళు థిసిల్‌వుడ్ కంటే తెలివైనవాళ్ళు. ఫిబ్బాకు కూడా ఒక బానిస పిల్ల ఉండేది. ఆమె బాధకు అది తక్కువ చేయదు. కానీ ఆ పిల్ల మాట ఎవరు రాయాలి?

దొర రాసింది చూశాం. దాసి మాట ఎట్లా అచ్చయిందో ఇక చూద్దాం. మేరీ ప్రిన్స్ 1788 ప్రాంతంలో బెర్ముడాలో పుట్టింది. పన్నెండేళ్ళప్పుడు తల్లి కళ్ళ ముందే అక్కచెల్లెళ్ళతో పాటు వేలంలో అమ్మారు. కొన్న కెప్టెన్ ఇంట్లో బట్టలుతకడం, నేల కడగడం, బిడ్డల్ని ఎత్తుకోవడం, ఆవుల్ని పిండడం అన్నీ చేసింది. ఏ కొరడా దెబ్బకు ఎంత మంట ఉంటుందో కూడా ఆ ఇంటి దొరసానే నేర్పిందని చెప్పింది. ఈ మాట దగ్గర ఆగాల. దొరసాని ఆడది గనక మెత్తగా ఉంటుందని కథలు రాసేవాళ్ళు ఆగి చదవాల. ఆ ఇంట్లోనే హెట్టీ అనే గర్భిణి దెబ్బలకు చచ్చిపోయింది. తర్వాత మేరీని టర్క్స్ దీవిలో ఉప్పు మడుల్లోకి పంపారు. కాళ్ళు పుండ్లు పడ్డాయి. తర్వాత ఆంటిగ్వాలో వుడ్ అనే దొర ఇల్లు. కీళ్ళవాతంతో వంగిపోయినా ఉతుకుడు మానలేదు. అక్కడే చదవడం నేర్చుకుంది. 1826లో డేనియల్ జేమ్స్ అనే విడుదలైన నల్లమనిషిని పెళ్ళాడింది. 1828లో వుడ్ కుటుంబం ఆమెను లండన్ తెచ్చుకుంది. అక్కడ ఆ ఇంట్లోంచి తన కాళ్ళ మీద తాను బయటికి నడిచింది.

1831లో ఆమె కథ పుస్తకమై అదే ఏడాది మూడు ముద్రణలు వచ్చాయి. ఆమె చెబుతుంటే సుసన్నా స్ట్రిక్‌లాండ్ రాసింది. బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ దిద్దాడు. ఆమె మాటలే ఉంచాం, తిరిగి తిరిగి చెప్పినవి, వ్యాకరణం తప్పులు తీసేశాం అని ముందుమాటలో చెప్పుకున్నాడు. మంచివాళ్ళే. ఆమె పక్షమే. కానీ 1833లో కోర్టులో నిలబడ్డప్పుడు మేరీ ఇంకో సంగతి చెప్పింది. పెళ్ళికి ముందు ఒక కెప్టెన్‌తో ఏళ్ళ తరబడి ఉన్న సంగతి. తాను స్ట్రిక్‌లాండ్‌కు చెప్పానని కూడా చెప్పింది. పుస్తకంలో అది లేదు. ఇంగ్లండు పాఠకులకు కన్నీళ్ళు రావాలంటే బాధితురాలు పవిత్రంగా ఉండాలి. ఆమె మాట చాలక ప్రింగిల్ భార్య ఆమె వీపు విప్పించి మచ్చలు చూసి ఉత్తరం రాసింది. అది కూడా పుస్తకం వెనక అచ్చేశారు. దొర డైరీకి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. దాసి మాటకు వీపు చూపించాల.

రెండు పుస్తకాలను పక్కపక్కన పెడితే నా విమర్శ ఇది. థిసిల్‌వుడ్ అన్నీ రాశాడు, ఎందుకంటే అతనికి భయం లేదు. మేరీ కొన్నే చెప్పగలిగింది, ఎందుకంటే భయం ఆమె మిత్రులకు కూడా ఉంది. 138 అనే అంకె దొర చేతిలో లెక్క. అదే సంగతి ఒక్కటి దాసి నోట వస్తే కళంకం. అందుకే నిజం అంతా డైరీలోనే ఉంది, ఆత్మకథలో తక్కువ ఉంది అనే పండితులతో నాకు పేచీ. తక్కువ ఉన్న చోట ఎవరి కత్తెర పడిందో చూడడమే విమర్శకుల పని.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. ఆ డబ్బు యజమానులకు. బానిసలకు పైసా లేదు, పైగా 1838 దాకా అప్రెంటిసు పేరుతో అదే దొరలకు చాకిరీ. ఆ చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని నేలను వదిలేసింది. మన దాకా 1843లో ఇంకో చట్టం వచ్చింది, అదీ కాయితం మీద. వెట్టి కూలీ రద్దు అని 1976లో మళ్ళీ చట్టం చేయాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. బానిసలు పోయిన చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను ఒప్పందాల మీద ఓడలెక్కించారు. మారిషస్‌కు, నాటాల్‌కు పోయినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. జమైకా కథ మనది కాదు అనేవాళ్ళు ఆ ఓడల లెక్కలు చూడాల.

ఇప్పుడు మన ఆత్మకథల మాట. మన ఆడవాళ్ళు చెబుతున్నారు, ఎవరో ఒకరు రాసిపెడుతున్నారు. తిరిగి తిరిగి చెప్పింది తీసేద్దాం అంటున్నారు. యాస సరిచేద్దాం అంటున్నారు. ఉద్యమానికి చెడ్డపేరు వచ్చే సంగతులు వద్దు అంటున్నారు. మా అమ్మ గడ్డివాము సంగతి ఒక్కసారే చెప్పలేదు, వందసార్లు చెప్పింది. ప్రతిసారీ ఒక కొత్త ముక్క కలిసింది. రెండోసారికే చాలు అని కోసేస్తే నాకు ఆ వందో ముక్క తెలిసేది కాదు. తిరిగి తిరిగి చెప్పడం తప్పు కాదు, అది భయం మీద మెట్టుమెట్టుగా ఎక్కడం. దాన్ని దిద్దకండి.

కూబా అనే ఆమె ఉంది థిసిల్‌వుడ్ ఇంట్లో. 1770ల్లో పదే పదే పారిపోయింది. పట్టుకొచ్చి కొట్టారు. నుదుటి మీద ముద్ర వేశారు. మళ్ళీ పారిపోయింది. వేగలేక 1774లో దొర ఆమెను జార్జియాకు అమ్మేశాడు. ఆమె ఒక్క మాట కూడా మనకు అచ్చులో లేదు. ఉన్నదల్లా ఆమె ఎన్నిసార్లు పోయిందో దొర రాసుకున్న లెక్క. ఆ ఒక్క లెక్కలో మాత్రం రాసినవాడు దొర, రాయించింది కూబా.